గుర్రపు పిల్లల్లో ముర్రుపాల రక్షణ: నిర్ధారణ పరీక్షలు

అప్పుడే పుట్టిన గుర్రపు పిల్లకు తల్లి ముర్రుపాల ద్వారా రావలసిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) చాలినంతగా వచ్చాయో లేదో రక్తం చూసి తేల్చేవి ఈ పరీక్షలు. పిల్ల శరీరం తనంతట తాను తయారుచేసుకోకుండా తల్లి నుంచి అందుకునే ఈ రక్షణను నిష్క్రియ రోగనిరోధకత అంటారు. పరీక్షలో కొలిచేది ఇమ్యునోగ్లోబ్యులిన్ జి (ఐజీజీ) అనే ప్రోటీన్. పుట్టిన 18 నుంచి 24 గంటల మధ్య తీసిన సీరంలో డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములకు మించి ఐజీజీ ఉంటే రక్షణ చాలినట్టు లెక్క. 400–800 మధ్య ఉంటే పాక్షిక లోపం, 400కు దిగువన ఉంటే పూర్తి లోపం. 200కు దిగితేనే పూర్తి లోపం అనే గ్రంథాలూ ఉన్నాయి. వివిధ దేశాల అశ్వశాలల లెక్కల్లో ఈ లోపం పుట్టిన పిల్లల్లో సుమారు 3 శాతం నుంచి 25 శాతం దాకా కనబడింది. అంకెల్లో ఇంత ఎడం ఉండటానికి గుర్రాల జాతికన్నా వాటిని ఈనించే తీరు, మొదటి పూట పిల్లను కనిపెట్టుకుని ఉండటంలోని తేడాలే ఎక్కువ కారణం.

2019 పశుగణన ప్రకారం మన దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 3.4 లక్షలు. 2012లో అవి 6.2 లక్షలు. పందెపు గుర్రాల సంతానోత్పత్తి పుణె పరిసరాల్లోనూ, పంజాబ్‌లోనూ, కర్ణాటకలోని కుణిగల్ వంటి చోట్లా సాగుతుంది. హైదరాబాద్‌లోని మలక్‌పేట పందెపు మైదానంలో పరుగెత్తే గుర్రాల్లో చాలా భాగం అలాంటి అశ్వశాలల్లో పుట్టినవే. హైదరాబాద్ పక్కనున్న సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం గేదెలకూ గొర్రెలకూ పెట్టింది పేరు. గుర్రాలు ఇక్కడ తక్కువ. పెళ్లి ఊరేగింపులకు తిప్పేవి, హైదరాబాద్ పశ్చిమ శివార్లలోని స్వారీ శిక్షణ కేంద్రాల్లోనివి, ఫాంహౌసుల్లో ముచ్చటకు పెంచేవి కనిపిస్తాయి. ఇలాంటి చోట గుర్రం ఈనడం ఎప్పుడో ఒకసారి జరిగేది కనుక కాపలా మనిషికి అలవాటు ఉండదు, పరీక్ష కిట్టు దగ్గర ఉండదు. పెద్ద అశ్వశాలల కోసం రాసిన పద్ధతులను ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతిరక్షకాలు లేకుండా పుట్టడం

మనిషి బిడ్డకు గర్భంలో ఉండగానే, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లి ఐజీజీ మాయ గుండా చేరుతుంది. గుర్రంలో ఆ దారి లేదు. గుర్రం మాయలో తల్లి రక్తానికీ పిండం రక్తానికీ మధ్య ఆరు కణపొరలు చెక్కుచెదరకుండా ఉంటాయి. పోషకాలు వాటిని దాటుతాయి కానీ ఐజీజీ వంటి పెద్ద అణువులు దాటవు. ఆవు, గేదె, గొర్రెల్లోనూ దాదాపు ఇదే పరిస్థితి. పిల్లకు రోగనిరోధక వ్యవస్థ లేకపోలేదు. గర్భంలోనే కొద్దిగా ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎం తయారుచేసుకోగలదు. కానీ సొంత ఐజీజీ చెప్పుకోదగ్గ స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. పుట్టిన గంట నుంచే సూక్ష్మజీవులు ముక్కు, నోరు, బొడ్డు గుండా లోపలికి వస్తుంటాయి. ఆ వారాల వెలితిని పూడ్చేవి ముర్రుపాలే.

గుర్రం సుమారు 340 రోజులు మోస్తుంది. ఈనడానికి ముందు రెండు నుంచి నాలుగు వారాల్లో పొదుగు తల్లి రక్తంలోని ఐజీజీని ఏరి కూడబెట్టుకుంటుంది. అవి ఒక్క ఈతకు ఒక్కసారి తయారయ్యే పాలు. పిండినకొద్దీ కొత్తగా ఊరవు, ఒక రోజు తిరిగేసరికి వాటి స్థానంలో మామూలు పాలు వస్తాయి. మంచి ముర్రుపాలు చిక్కగా, పసుపు రంగులో, వేలికి జిగురుగా తగులుతాయి. లీటరుకు 60 గ్రాములకు మించి ఐజీజీ ఉంటుంది. 45–50 కిలోల పిల్ల మొదటి ఆరు గంటల్లో కనీసం ఒకటి, ఒకటిన్నర లీటర్లు తాగాలి.

తాగితేనే సరిపోదు, పేగు వాటిని పీల్చుకోవాలి. పుట్టిన పిల్ల చిన్నపేగులో ప్రోటీన్లను జీర్ణం చేయకుండా యథాతథంగా మింగి రక్తంలోకి పంపే ప్రత్యేక కణాలు ఉంటాయి. మొదటి ఆరు నుంచి ఎనిమిది గంటలు వాటి పని జోరుగా సాగుతుంది. ఆ తర్వాత అవి రాలిపోయి వాటి చోట మామూలు కణాలు వస్తాయి. ఇరవై గంటలు గడిచేసరికి మొదటి సామర్థ్యంలో ఒక శాతం కూడా మిగలదు. ఇరవై నాలుగు గంటలు దాటాక ఎంత మంచి ముర్రుపాలు పట్టినా అవి ఆహారంగా, పేగు లోపలి పొరకు కొంత రక్షణగా పనికొస్తాయి, రక్తంలోకి మాత్రం చేరవు. ఈ పరీక్షల్లో ఏది మేలు, ఏది చాలదు అని తేల్చేటప్పుడు ముందు చూడవలసింది ఈ గడువునే. ఫలితం ఎంత కచ్చితంగా వచ్చింది అనేది దాని తర్వాతి మాట.

పరిశోధన చరిత్ర

తల్లి పాలు రోగరక్షణను మోసుకొస్తాయని ప్రయోగంతో చూపినవాడు జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్. 1892లో ఆయన ఎలుకల పిల్లలను తల్లుల మధ్య మార్చి పాలు తాగించి, రక్షణ పాలిచ్చిన తల్లిని బట్టి వస్తుందని నిరూపించాడు. 1922లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ ముర్రుపాలు దక్కని దూడలు కోలిఫారం క్రిములకు బలవుతాయని చూపారు. గుర్రాల మీద పని ఆలస్యంగా మొదలైంది. బ్రిటన్‌లో లియో జెఫ్కాట్ పిల్లల పేగు ఐజీజీని పీల్చుకునే తీరును, ఆ శక్తి ఎంత త్వరగా తగ్గిపోతుందో 1970ల్లో వివరంగా కొలిచాడు. 1977లో ట్రావిస్ మెక్‌గ్వైర్ బృందం, పసి గుర్రపు పిల్లల అంటువ్యాధుల్లోనూ మరణాల్లోనూ అధిక భాగానికి మూలం ముర్రుపాల లోపమేనని ప్రకటించింది. మన దేశంలో గుర్రాల మీద ప్రత్యేకంగా పనిచేసే సంస్థ హర్యానాలోని హిసార్‌లో 1985లో ఏర్పాటైన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం.

లోపానికి దారితీసేవి

అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యేది ఈనకముందే పాలు కారిపోవడం. ఈనే రోజుకు ముందే పొదుగు నుంచి పాలు ధారకట్టి కారుతుంటే, పోతున్నవి ముర్రుపాలే. మాయకు ఇన్ఫెక్షన్ సోకినా, కవల పిల్లలున్నా ఇలా జరగవచ్చు. పదిహేనేళ్లు దాటిన గుర్రాల్లో పాలు నాసిగా ఉండవచ్చు. తొలిచూలు గుర్రం పిల్లను దగ్గరకు రానివ్వకపోవచ్చు. నెలలు నిండక పుట్టిన పిల్లకు, ప్రసవంలో ఊపిరాడక నలిగిన పిల్లకు లేచి నిలబడే శక్తి ఉండదు. పాలు బాగానే ఉండి, తాగినా, పేగు పీల్చుకోని పిల్లలూ కొన్ని ఉంటాయి.

పిల్ల గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి అన్నది గుర్రాల వైద్యంలో అందరూ పాటించే కొలమానం. ఈ మూడింటిలో ఏది తప్పినా పిల్లను అనుమానితుల జాబితాలో చేర్చి, ఆ రోజే రక్తం చూడాలి.

గేదెలకు అలవాటుపడిన ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు వదలకూడదన్న నమ్మకం చాలా చోట్ల ఇప్పటికీ బలంగా ఉంది. గేదెకు మాయ పడటానికి ఎనిమిది, పది గంటలు పట్టడం మామూలే. అంటే దూడ తన గడువులో మంచి భాగాన్ని కట్టుకొయ్య దగ్గరే పోగొట్టుకుంటుంది. పైగా తొలి పాలు జున్నుకు వెళ్తాయి, ఇరుగుపొరుగుకు పంచడం మర్యాద. జున్ను మీద ఎవరికీ పగ ఉండనక్కరలేదు గానీ, దూడ కడుపు నిండాక మిగిలిన పాలతో వండుకుంటే గొడవే లేదు. అదే మనిషి గుర్రాన్ని సాకేటప్పుడు అదే అలవాటు తెస్తే నష్టం పెద్దది. గేదె పొదుగులో ముర్రుపాలు లీటర్ల కొద్దీ ఉంటాయి, గుర్రం పొదుగు చిన్నది. గుర్రానికి మూడు గంటలు దాటినా మాయ పడలేదంటే అది వైద్యుడిని పిలవాల్సిన అత్యవసరం. ఆ సమయంలో పిల్లను దూరంగా కట్టేస్తే రెండు ప్రమాదాలు ఒకేసారి వచ్చిపడతాయి.

రక్షణ అందని పిల్ల తీరు

లోపం ఒక్కటే ఉంటే పిల్ల మొదటి రోజు హుషారుగానే ఉంటుంది. చూడగానే తెలిసే గుర్తు ఏదీ ఉండదు, పరీక్ష అవసరమయ్యేది అందుకే. రెండో రోజు నుంచి వారం లోపల బాక్టీరియా రక్తంలోకి చేరి సెప్టిసీమియా మొదలవుతుంది. ఈ.కోలి, ఆక్టినోబాసిల్లస్, క్లెబ్సియెల్లా, సాల్మొనెల్లా, స్ట్రెప్టోకాకస్ తరచుగా కనబడే క్రిములు. అవి కీళ్లలో చేరితే మోకాలు, మడమ కీళ్లు వాచి పిల్ల కుంటుతుంది. ఊపిరితిత్తులు, పేగులు, మెదడు పొరలు కూడా దెబ్బతినవచ్చు.

అనుభవం ఉన్న సాకేవాడు జ్వరం కోసం ఎదురుచూడడు. తల్లి పొదుగు చూస్తాడు. పిల్ల సరిగా తాగుతుంటే పొదుగు మెత్తగా, వదులుగా ఉంటుంది. బిగిసి, చన్నుల నుంచి పాలు చుక్కలుగా కారుతుంటే పిల్ల తాగడం మానేసిందని అర్థం. పిల్ల నుదురు, ముక్కు మీది జుట్టు పాలతో తడిసి అట్టకట్టి ఉండటం ఇంకా పక్కా గుర్తు. అది పొదుగు కిందకు వెళ్లి నిలబడుతోంది, చన్ను నోట పట్టడం లేదు, చేపుకొచ్చిన పాలు తల మీద పడుతున్నాయి. దూరం నుంచి చూసేవారికి పిల్ల పాలు తాగుతున్నట్టే కనబడుతుంది.

ముర్రుపాలను పరీక్షించడం

పిల్ల రక్తం చూసేలోపే తల్లి పాలు చూడవచ్చు. ఇది అన్నిటికన్నా ముందుగా జరిగే, చవకైన పని. పిల్ల తాగకముందు రెండు చన్నుల నుంచీ కొద్దిగా పిండి, బ్రిక్స్ రిఫ్రాక్టోమీటరు గాజు మీద రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు చూస్తే అంకె కనబడుతుంది. 23 శాతానికి మించితే మంచి పాలు, 30 దాటితే చాలా మంచివి. 20కి బాగా దిగువన ఉంటే వేరే పాలు వెతకాలి. చెరకు రసం తీపి, పండ్ల తీపి చూడటానికి వాడే పరికరమే ఇది. ప్రత్యేకంగా గుర్రాల కోసం తయారైనది కానక్కరలేదు. సాంద్రతను కొలిచే కొలోస్ట్రోమీటరు ఉంటే 1.060కి మించిన అంకె మంచి గుర్తు. అయితే పాలు బాగున్నాయని తేలినంత మాత్రాన పిల్ల రక్తంలోకి చేరాయని కాదు. పాల పరీక్ష రక్త పరీక్షకు తోడు, ప్రత్యామ్నాయం కాదు.

రక్త పరీక్షలు

మెడలోని జుగులర్ సిర నుంచి ఐదు మిల్లీలీటర్ల రక్తం తీస్తే అన్ని పరీక్షలకూ సరిపోతుంది. సీరం కావాలంటే యాంటీకోయాగ్యులెంట్ లేని గొట్టంలో గడ్డకట్టనివ్వాలి. సూది నుంచి రక్తాన్ని బలంగా తోసినా, గొట్టాన్ని ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసినా ఎర్రకణాలు చితికి సీరం ఎర్రబడుతుంది. అలాంటి సీరం కొన్ని పరీక్షల్లో ఐజీజీని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపుతుంది. అంటే లోపం ఉన్న పిల్లకు క్షేమమని చీటీ దొరుకుతుంది. పొరపాటు ఎటు జరిగినా పొరపాటే అయినా, ఈ వైపు జరిగేది ప్రాణం మీదకు తెస్తుంది.

ప్రమాణంగా నిలిచేది రేడియల్ ఇమ్యునోడిఫ్యూజన్. 1965లో ఇటలీకి చెందిన మాన్చిని బృందం దీనికి రూపమిచ్చింది. గుర్రం ఐజీజీకి వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు కలిపిన జెల్‌లో చిన్న గుంటలు చేసి సీరం పోస్తారు. ఐజీజీ చుట్టూ వ్యాపించి, తెల్లని వలయం ఏర్పడుతుంది. వలయం వ్యాసం కొలిచి, తెలిసిన నమూనాలతో పోల్చి, మిల్లీగ్రాముల్లో అంకె చెబుతారు. కచ్చితత్వంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. కానీ వలయం పూర్తిగా ఏర్పడటానికి 18 నుంచి 24 గంటలు పడుతుంది. పిల్ల పుట్టిన పన్నెండు గంటలకు రక్తం తీసి పంపితే, జవాబు వచ్చేసరికి పేగు మూసుకుపోయి ఉంటుంది. మిగతా పరీక్షలు ఎంత బాగా పనిచేస్తున్నాయో సరిచూడటానికీ, పరిశోధనకూ ఇది అవసరం. కొట్టం దగ్గర నిర్ణయం తీసుకోవడానికి పనికిరాదు. పెద్ద ప్రయోగశాలల్లో యంత్రం మీద చేసే ఇమ్యునోటర్బిడిమెట్రీ అరగంటలోపే ఇంచుమించు అంతే నమ్మకమైన అంకె ఇస్తుంది, యంత్రం ఉన్నచోట.

కొట్టంలోనే చేయగలిగిన వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది ఎలైజా కిట్టు. ఐడెక్స్ సంస్థ స్నాప్ కిట్టు ఈ తరహాదే. సీరం, ప్లాస్మా, వేరుచేయని రక్తం ఏదైనా పనికొస్తుంది. పది నిమిషాల లోపు నీలి చుక్క పడుతుంది. దాని ముదురుతనాన్ని 400, 800 స్థాయిల చుక్కలతో పోల్చి చూడాలి. 400కు దిగువ ఉన్న పిల్లలను ఇది బాగా పట్టుకుంటుంది. 400–800 మధ్య ఉన్నవాటి విషయంలో అంత గట్టిగా చెప్పలేం. కిట్టును చల్లగా నిల్వ చేయాలి, గడువు తేదీ ఉంటుంది. ఏడాదికి ఒకటో రెండో పిల్లలు పుట్టే చోట కొన్న కిట్లలో సగం గడువు దాటి చెత్తబుట్టకే చేరతాయి.

గ్లూటరాల్డిహైడ్ పరీక్షకు ఆ బాధ లేదు. అర మిల్లీలీటరు సీరానికి 10 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణం 50 మైక్రోలీటర్లు కలిపి, గొట్టాన్ని మెల్లగా ఊపి పక్కన పెట్టాలి. గ్లూటరాల్డిహైడ్ గామా గ్లోబ్యులిన్లను ఒకదానికొకటి అల్లి ముద్ద చేస్తుంది. ఐజీజీ ఎంత ఎక్కువ ఉంటే అంత త్వరగా గడ్డ కడుతుంది. నిమిషానికోసారి గొట్టాన్ని వాల్చి చూస్తారు. ద్రవం జారడం ఆగి, గొట్టం బోర్లించినా కదలకుండా ఉంటే గడ్డకట్టినట్టు. పది నిమిషాల్లో గడ్డకడితే 800కు మించి ఉన్నట్టు, గంటలోపు కడితే 400కు మించినట్టు, గంట దాటినా పలచగానే ఉంటే లోపం పూర్తిగా ఉన్నట్టు. ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణంలో దొరికే 25 శాతం ద్రావణాన్ని స్వేదనజలంతో పలుచన చేసుకుంటే చాలు. రెండు వంతుల ద్రావణానికి మూడు వంతుల నీళ్లు. ఆసుపత్రుల్లో పరికరాలు శుద్ధిచేసే 2 శాతం ద్రావణం దీనికి పనికిరాదు. ఆవిరి కళ్లను మండిస్తుంది కనుక గాలి ఆడే చోట, చేతి తొడుగులు వేసుకుని చేయాలి. ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. పరికరమంటూ కావలసింది గడియారం ఒక్కటే.

జింక్ సల్ఫేట్ టర్బిడిటీ పరీక్ష ఇంకా పాతది. లీటరు స్వేదనజలానికి సుమారు 200 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్ కరిగించి, ఆ ద్రావణం ఆరు మిల్లీలీటర్లలో పదో వంతు మిల్లీలీటరు సీరం కలుపుతారు. గంట తర్వాత గొట్టం వెనక దినపత్రిక పట్టుకుని చదవాలి. అక్షరాలు కనబడనంత మబ్బుగా ఉంటే కొంత రక్షణ ఉన్నట్టు, స్పష్టంగా చదవగలిగితే లోపం ఉన్నట్టు. నీటిలో కార్బన్ డై ఆక్సైడ్ కరిగి ఉంటే ఫలితం తప్పుతుంది. అందుకే నీటిని మరిగించి, మూత బిగించి చల్లార్చాలి. పటాన్‌చెరు వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, వడగట్టి వాడదామన్న ఆలోచన కూడా వద్దు.

మొత్తం ప్రోటీన్‌ను రిఫ్రాక్టోమీటరుతో చూసే పద్ధతి దూడల్లో బాగా పనిచేస్తుంది. పాడి రైతుల దగ్గర అదే ప్రచారంలో ఉంది. గుర్రపు పిల్లల్లో దాన్ని నమ్ముకోలేం. ముర్రుపాలు తాగకముందు పిల్ల రక్తంలో ఉండే ప్రోటీన్ ఒక్కో పిల్లలో ఒక్కో రకంగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే అంకె పెరుగుతుంది. డెసిలీటరుకు 4.5 గ్రాములకు దిగువన ఉంటే అనుమానించాలి, 6 దాటితే బహుశా ఫరవాలేదు. నడుమ ఉన్నవన్నీ మళ్లీ వేరే పరీక్షకు వెళ్లవలసిందే.

ఎప్పుడు, ఏది

పిల్ల ఆరోగ్యంగా పుట్టి, వేళకు తాగితే 18–24 గంటల మధ్య పరీక్ష చాలు. అప్పటికి రక్తంలో ఐజీజీ గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అనుమానం ఉన్న పిల్లకు మాత్రం ఎనిమిది నుంచి పన్నెండు గంటల మధ్యనే చూడాలి. లోపం ఉందని తేలితే నోటి ద్వారా ముర్రుపాలు పట్టడానికి ఇంకా కొంత వ్యవధి మిగిలి ఉంటుంది. ఆడగుర్రాలు ఎక్కువగా రాత్రిపూట ఈనుతాయి. రాత్రి రెండు గంటలకు పుట్టిన పిల్లకు ఆ వేళ ఉదయం పది, మధ్యాహ్నం రెండు మధ్య వస్తుంది. వైద్యుడు దొరికే సమయమే అది. సంగారెడ్డి నుంచి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు నమూనా పంపి, అక్కడి నుంచి ఫోను వచ్చేదాకా ఆగడంకన్నా గ్లూటరాల్డిహైడ్ గొట్టంతో గంటలో తేల్చుకుని, చికిత్స మొదలుపెట్టి, నమూనాను నిర్ధారణకు పంపడం మేలు.

ఇలాంటి తొలి పరీక్ష లక్షణం ఒకటి గుర్తుంచుకోవాలి. బాగున్న పిల్లకు లోపం ఉందని చెబితే ఒక లీటరు ముర్రుపాలు అనవసరంగా ఖర్చవుతాయి, అంతే. లోపం ఉన్న పిల్లను వదిలేస్తే మూడో రోజుకు సెప్టిసీమియా. అందుకే ముతక పరీక్షలు కొద్దిగా అతిగా అనుమానించినా ఒప్పుకోవచ్చు. అనుమానితాల్లోంచి నిజమైన వాటిని తర్వాత కచ్చితమైన పరీక్ష వేరుచేస్తుంది.

లోపం తేలాక

పుట్టి పన్నెండు గంటలు దాటకపోతే మంచి ముర్రుపాలు ఒకటి నుంచి రెండు లీటర్లు, 300–500 మిల్లీలీటర్ల విడతలుగా, ముక్కు గుండా వేసిన గొట్టంతో పట్టాలి. సీసాతో బలవంతంగా పడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పాలు వేరే గుర్రానివి కావచ్చు. ఆరోగ్యంగా ఈనిన గుర్రం నుంచి, దాని సొంత పిల్ల తాగాక, పావు లీటరు పిండి మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి పెడితే ఏడాది పైగా నిల్వ ఉంటాయి. గోరువెచ్చని నీటిలో కరిగించాలి. పొయ్యి మీద వేడిచేస్తే ప్రతిరక్షకాలు చెడిపోతాయి. అరుదుగా గుర్రాలు ఈనే ప్రాంతంలో రెండు, మూడు పొట్లాలు ఎవరి ఫ్రీజర్‌లో ఉన్నాయో తెలిసి ఉండటం పెద్ద ఆసరా.

నిల్వ పాలు వాడేముందు ఒక జాగ్రత్త. కొన్ని గుర్రాల ముర్రుపాలలో పిల్ల ఎర్రకణాలను చితక్కొట్టే ప్రతిరక్షకాలు ఉంటాయి. ఏఏ, క్యూఏ అనే రక్తవర్గాల విషయంలో ఇది ఎక్కువ. అలాంటి పాలు తాగిన పిల్ల ఒకటి నుంచి నాలుగు రోజుల్లో పాలిపోయి, కామెర్లతో పడిపోతుంది. పాలను పలుచన చేసి పిల్ల రక్తంతో కలిపి గడ్డలు కడుతున్నాయేమో చూసే చిన్న పరీక్షతో ముందే పసిగట్టవచ్చు. గాడిదతో కలిసి కంచరగాడిదను ఈనే గుర్రాల్లో ఈ సమస్య మరింత తరచు.

గడువు దాటిపోతే మిగిలేది ప్లాస్మా. దాత గుర్రం నుంచి తీసిన ప్లాస్మాను సిర ద్వారా ఎక్కిస్తారు. 50 కిలోల పిల్లకు ఒక లీటరు ప్లాస్మా ఐజీజీని డెసిలీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు పెంచుతుంది. పిల్ల రక్తంలో 300 ఉండి 800 చేరాలంటే 500 పెరగాలి, అంటే రెండున్నర లీటర్ల దాకా కావాలి. మొదటి పావుగంట చుక్కలు మెల్లగా వదలాలి. వణుకు, గుండె వేగం, ఆయాసం కనబడితే ఆపాలి. సెప్టిసీమియా అప్పటికే మొదలైన పిల్లలో ఎక్కించిన ఐజీజీ త్వరగా ఖర్చయి, అంకె అనుకున్నంత పెరగదు. దాతగా ఎన్నడూ ఈనని, రక్తం ఎక్కించుకోని ఆరోగ్యమైన గుర్రం మేలు. విత్తులు కొట్టించిన మగగుర్రాన్ని ఎంచుకోవడం అందుకే రివాజు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న విన్స్ బయోప్రొడక్ట్స్ వంటి సంస్థలు పాముకాటు విరుగుడును గుర్రాల ప్లాస్మా నుంచే తయారుచేస్తాయి. ఆ మందులో ఉండేవి ఎంజైముతో కత్తిరించిన ప్రతిరక్షక ముక్కలు కనుక పిల్లకు అది ప్రత్యామ్నాయం కాదు.

మందుల హద్దు, పటాన్‌చెరు నేల

లోపాన్ని చూడకుండా వదిలి, జ్వరం వచ్చాక యాంటీబయాటిక్ ఇస్తే సరిపోతుందనుకోవడం ఎక్కడైనా ప్రమాదమే, ఇక్కడ ఇంకొంచెం ఎక్కువ. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలం చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. జిన్నారం వైపు కాజిపల్లి చెరువు మట్టిలో యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులు రకరకాలుగా ఉన్నాయని 2014లో మరో అధ్యయనం చూపింది. మందుకు లొంగని క్రిమి పసిపిల్లకు సోకితే చికిత్సకు దారులు కుంచించుకుపోతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబానికి చెందిన మందులు గుర్రపు పిల్లల కీళ్ల మృదులాస్థిని దెబ్బతీస్తాయి కనుక అవి ఎలాగూ మొదటి ఎంపిక కావు. సాధారణంగా వాడే అమికాసిన్ నీరు తగ్గిన పిల్ల మూత్రపిండాలకు భారం.

తల్లి తాను తిరిగే నేల మీది క్రిములకే ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. నిండు చూలు గుర్రాన్ని పుణె నుంచి కొని, ఈనడానికి వారం ముందు పటాన్‌చెరు పక్కనున్న ఇస్నాపూర్ దగ్గరి కొట్టంలో దింపితే, దాని పాలలో ఐజీజీ అంకె ఘనంగా ఉన్నా, అందులో ఈ కొట్టం క్రిములను గుర్తుపట్టేవి కొద్దిగానే ఉండవచ్చు. 800 దాటిన పిల్లకూ జబ్బు చేయడానికి ఇదొక కారణం. కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ముందే తల్లిని ఈనే చోటుకు చేర్చి, అదే సమయంలో ధనుర్వాతం, ఇన్‌ఫ్లుయెంజా టీకాల బూస్టరు వేయించాలి.

తరువాతి వారాలు

ప్లాస్మా ఎక్కించిన పిల్లకు మరుసటి రోజు మళ్లీ రక్తం చూడాలి. చాలకపోతే మరో లీటరు. రక్షణ బాగా అందిన పిల్లలోనూ తల్లి ఐజీజీ మూడు, నాలుగు వారాలకు సగమవుతూ పోతుంది. సొంత ఉత్పత్తి అప్పుడప్పుడే పుంజుకుంటుంది. ఒకటి, రెండు నెలల వయసులో మొత్తం స్థాయి అడుగంటడం సహజం. ఆ వయసులో తీసిన తక్కువ అంకెను ముర్రుపాల లోపంగా పొరబడకూడదు. చాలా తక్కువగా ఉండి, పిల్లకు జబ్బు మీద జబ్బు చేస్తుంటే అరబ్బీ జాతిలో పుట్టుకతో వచ్చే తీవ్ర రోగనిరోధక లోపాన్ని జన్యు పరీక్షతో చూడవచ్చు. తల్లి ప్రతిరక్షకాలు రక్తంలో ఉన్నంతకాలం టీకాను అడ్డుకుంటాయి కనుక, టీకాలు వేయించుకున్న తల్లుల పిల్లలకు ధనుర్వాతం టీకా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, ఇన్‌ఫ్లుయెంజా టీకా ఆరో నెల నుంచి మొదలుపెడతారు. తల్లికి టీకా వేయించారో లేదో తెలియకపోతే ధనుర్వాతం టీకాను ముందుకు జరుపుతారు.